నాల్గవ గోడయు నిర్వహణసంధియు : 'షీ-హల్క్' ముగింపుపై వివాదము – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

రంగస్థలమునకు మూడు ప్రక్కల తెరలో గోడలో ఉండును. ప్రేక్షకుల వైపున గూడ ఒక పెద్ద గోడ కలదని భావించి నటులు నటింపవలెనని ఫ్రెంచి రచయిత దిదెరో 1758లో వెలువరించిన నాటకకవితా విచారమున సూచించెను. తరువాతి శతాబ్దమున వాస్తవికతావాద రంగస్థలము ఈ భావనను నియమముగా స్వీకరించినది. పాత్ర తాను పాత్రనని యెరిగి, ఆ గోడ లేనట్లు ప్రేక్షకునితో నేరుగా మాటలాడుటను పాశ్చాత్య విమర్శకులు 'నాల్గవ గోడను భేదించుట' అందురు.

2022 అక్టోబరు 13న అమెరికాలో ప్రసారమైన 'షీ-హల్క్: అటార్నీ ఎట్ లా' అను హాస్య ధారావాహిక చివరి భాగము ఈ గోడను భేదించుటతో తృప్తి చెందక, కథనే ఆపివేసి, నాయికను కథారచయితల గదిలోనికి పంపినది. మార్వెల్ అభిమానులలో దీనిపై తీవ్రమైన వాదప్రతివాదములు చెలరేగినవి. కథను చేతకాక వదలివేసిరని ఒక పక్షమును, ఇంతకంటె తగిన ముగింపు లేదని మరియొక పక్షమును వాదించినవి. పైకి వినోదమాత్రముగా కన్పట్టు ఈ వివాదమున నాట్యశాస్త్రమునకు సంబంధించిన ఒక మౌలిక ప్రశ్న ఇమిడియున్నది. అభిమానులు వాదించినది గోడను గూర్చియా, లేక మరి దేనిని గూర్చియా అను విషయమును భారతీయ నాట్యసిద్ధాంత సహాయమున విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కథాసంగ్రహము

షీ-హల్క్ పాత్రను స్టాన్ లీ, జాన్ బుసెమా అనువారు 1980లో మార్వెల్ చిత్రకథా పత్రికలకై సృజించిరి. ఈమె అసలు పేరు జెన్నిఫర్ వాల్టర్స్, వృత్తిచే న్యాయవాది. హల్క్ అను మహాబలశాలిగా మారగల బ్రూస్ బ్యానర్ ఈమెకు మేనత్త మేనమామ బిడ్డల వరుస బంధువు. అతని రక్తము తన దేహమున కలియుటచే ఆమెకును ఆకుపచ్చని మహాకాయము ధరించు శక్తి కలిగినది. జెస్సికా గావో రూపకల్పనలో, టటియానా మస్లానీ నాయికగా, 2022 ఆగస్టు 18 మొదలు తొమ్మిది భాగములుగా ఈ ధారావాహిక డిస్నీ ప్లస్ ద్వారా ప్రసారమైనది.

మొదటి భాగముననే జెన్నిఫర్ కెమెరా వైపు తిరిగి ప్రేక్షకులతో మాటలాడును. తరువాతి భాగములలో ఈ అలవాటు కొనసాగును. మరియొక వైపు 'ఇంటెలిజెన్సియా' అను పురుషుల రహస్యకూటమి యొకటి ఆమెను ద్వేషించుచు, ఆమె రక్తమును అపహరింప జూచుచుండును. ఎనిమిదవ భాగాంతమున న్యాయవాదినుల సన్మానసభలో ఆ కూటమి వారు ఆమె ఏకాంత దృశ్యములను, ఆమె యెరుగకుండ తీసిన వానిని, తెరపై అందరికిని చూపుదురు. కోపముతో ఆమె తెరను ధ్వంసము చేయగా అధికారులు ఆమెను బంధింతురు. ఆమె ఉద్యోగమును, ఇంటిని, రూపము మార్చుకొను స్వేచ్ఛను గోల్పోవును.

చివరి భాగము పేరు 'హూజ్ షో ఈజ్ దిస్?', అనగా 'ఈ ప్రదర్శన ఎవరిది?'. అందు కూటమి నాయకుడైన టాడ్ అపహృత రక్తముతో తానును హల్క్ అగును. ఎమిల్ బ్లాన్‌స్కీ అను పూర్వశత్రువును, టైటానియా అను ప్రతినాయికయు, బ్రూస్ బ్యానరును ఒకరి వెంట నొకరు వచ్చి పోరాటమునకు దిగుదురు. ఆ సమయమున జెన్నిఫర్ ప్రేక్షకుల వైపు తిరిగి, ఈ గందరగోళము మీకు నచ్చుచున్నదా యను భావముతో ప్రశ్నించును. తెరపై డిస్నీ ప్లస్ విషయసూచిక ప్రత్యక్షమగును. ఆమె తన చిత్రపు గడి నుండి బయటపడి, మరియొక గడిలో దూరి, నిర్మాణశాలకు చేరును. రచయితలను ప్రశ్నింపగా వారు ఇది 'కెవిన్' అభీష్టమందురు. మార్వెల్ స్టూడియోస్ అధ్యక్షుడు కెవిన్ ఫీగీని చూడబోవుచున్నానని తలచిన ఆమెకు ఎదురైనది 'కెవిన్' అను పొడియక్షరముల పేరు గల ఒక యంత్రము. ప్రేక్షకుల అభిరుచులను గణించి కథలను నిర్ణయించునది అదియే. ఆమె న్యాయవాదివలె వాదించి, రక్తాపహరణ కథను, టాడ్ రూపపరివర్తనమును, బ్యానరు రక్షకుడుగా వచ్చుటను తొలగింపజేయును. తన కథలోని నిజమైన సంక్షోభము తన జీవితము చెదరిపోవుటయే గాని ముష్టియుద్ధము గాదని ఆమె వాదసారము. యంత్రము అంగీకరించును. కథ మరల మొదలగునప్పటికి యుద్ధము ముగిసియుండును, టాడ్ బంధింపబడును.

వివాదస్వరూపము

ఈ ముగింపును నిరసించినవారి ఆక్షేపములు ప్రధానముగా మూడు. మొదటిది, ఎనిమిది భాగములుగా పెంచిన సంఘర్షణను పరిష్కరింపక తుడిచివేయుట ప్రేక్షకుని వంచించుటయే యనునది. రెండవది, ముగింపులన్నియు ఒక్కతీరుగ నుండుననెడు విమర్శను తామే చేసికొని, ఆ హాస్యము చాటున లోపమును కప్పిపుచ్చుకొనిరనునది. మూడవది, పాత్ర రచయితలనే శాసింపగలిగినప్పుడు ఆమెకు ఇక ఏ ఆపదయు ఆపదగా తోపదనునది.

సమర్థించినవారు చెప్పిన సమాధానములును మూడే. మొదటి భాగము నుండియు ప్రేక్షకునితో మాటలాడిన పాత్ర చివరకు కర్తతో మాటలాడుట సహజ పరిణామము. మూలమైన చిత్రకథలలో ఈ పాత్ర స్వభావము ఇదియే. ఇతరుల కథలలోని వీరులు వచ్చి తన కథను ఆక్రమించుటను నాయిక నిరాకరించుటయే ఈ ధారావాహిక విషయము.

ఈ వాదము సులభముగా తెగకపోవుటకు వేరొక కారణము కూడ కలదు. స్త్రీ వీరనాయికలను ఆక్షేపించు వ్యాఖ్యలు ఎట్లుండునో ముందే యూహించి, మూడవ భాగముననే అట్టివానిని రచయితలు కథలో చేర్చిరి. ఆ వ్యాఖ్యాతల ప్రతిబింబమే ఇంటెలిజెన్సియా. కావున ముగింపును శిల్పదృష్టితో తప్పుపట్టిన సహృదయుడు సైతము ప్రతినాయకుని పక్షమున నిలిచినట్లు కన్పట్టెను. సమర్థించువారు కొందరు విమర్శ నంతటిని ద్వేషమని త్రోసిపుచ్చిరి. విమర్శించువారు కొందరు నిజమైన ద్వేషముతో కలిసిపోయిరి. కావున గుణదోష విచారణము వ్యక్తుల పక్షముల నుండి వేరుచేసి చేయవలసియున్నది.

పూర్వరూపములు

ఈ ప్రక్రియ క్రొత్తది కాదు. ప్రాచీన గ్రీకు హాస్యనాటకములలో బృందగాయకులు కథను ఆపి ప్రేక్షకులతో కవి పక్షమున మాటలాడు భాగము నియతముగ నుండెడిది. అరిస్టొఫనీసు రచించిన 'శాంతి' నాటకమున నాయకుడు గాలిలో ఎగురుచు, తనను పైకెత్తు యంత్రమును నడపువానితో జాగ్రత్తయని మొరపెట్టుకొనును. 1921లో రోములో పిరాండెల్లో నాటకము 'కర్తను వెదకుకొను ఆరు పాత్రలు' ప్రదర్శింపబడినప్పుడు ప్రేక్షకులు కోలాహలము చేసిరి. 1974లో మెల్ బ్రూక్స్ తీసిన 'బ్లేజింగ్ శాడిల్స్' చిత్రమున చివరి పోరాటము గోడ కూల్చుకొని ప్రక్క చిత్రపు రంగమున పడును. షీ-హల్క్ ముగింపునకు తెరపై సమీపమైన పూర్వరూపము ఇదియే.

పాత్ర విషయమున మూలము జాన్ బైర్న్. 1989లో అతడు ప్రారంభించిన 'ది సెన్సేషనల్ షీ-హల్క్' పత్రికలో నాయిక తాను చిత్రకథలో నున్నానని యెరుగును, పాఠకులను బెదిరించును, కర్తయగు బైర్న్‌తో కలహించును, గమ్యము త్వరగా చేరుటకు పుటను చించుకొని ప్రకటనల పుటపై నడచిపోవును. పుటను చించుటకును విషయసూచిక గడి నుండి దూకుటకును భేదము మాధ్యమమున మాత్రమే యున్నది. అయిన పూర్వరూపము కలదనుట సమర్థనము కాదు. బైర్న్ కథలలో కర్తతో కలహము హాస్యమునకు సాధనము. ఇచ్చట అది కథాఫలమునే మార్చినది. విచార్యమగు అంశమిది.

నాట్యశాస్త్రదృష్టి

సంస్కృత నాటకమునకు నాల్గవ గోడ యను భావన లేదు. ప్రస్తావనలో సూత్రధారుడు నటితోనో విదూషకునితోనో మాటలాడుచు, కవి పేరును, నాటకము పేరును, పరిషత్తు గుణములను చెప్పి, ఇది ప్రదర్శనమని ప్రకటించును. చివర భరతవాక్యమున నటుడు పాత్రత్వమును దాటి లోకమునకు శుభము కోరును. నడుమ స్వగతము, జనాంతికము, అపవారితము మొదలగు నాట్యధర్ములు సామాజికునకు వినబడుచు ఇతర పాత్రలకు వినబడవు. కూచిపూడి భామాకలాపమున సూత్రధారుడే మాధవియై సత్యభామతో సంభాషించుట తెలుగువారికి సుపరిచితము.

ఇట్లు ప్రదర్శనమని తెలుపుట రసమునకు భంగకరమా? అభినవభారతి ఇందులకు విస్పష్టమైన సమాధానము నిచ్చుచున్నది. అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నములను పేర్కొనెను. వానిలో రెండవది, ఈ సుఖదుఃఖములు నావి, లేక ఫలానా వానివి అని సామాజికుడు నిర్దిష్ట వ్యక్తికి, దేశకాలములకు కట్టుబడుట. ప్రస్తావనలో నటుని నటునిగా చూచుటయు, వేషాది నాట్యధర్ములును ఈ విఘ్నమును తొలగించునని అతడు చెప్పెను. నటుడు నటుడని తెలియుట వలననే సాధారణీకరణమునకు మార్గ మేర్పడును. గోడను భేదించుట స్వతః రసభంగము కాదని దీనివలన తేలుచున్నది. షీ-హల్క్ మొదటి భాగమున ప్రేక్షకునితో పలుకుట ప్రస్తావన వంటిది. దానిని ఎవ్వరును తీవ్రముగ ఆక్షేపింపలేదు. ఆక్షేపణ యంతయు నిర్వహణసంధి స్థానమున వచ్చిన భేదనమును గూర్చియే.

గర్భాంకము : ఉత్తరరామచరితము

నిర్వహణసంధిలో ప్రదర్శనమును ప్రదర్శనముగా బయలుపరచి కథాఫలమును మార్చిన కృతి సంస్కృతమున కలదు. భవభూతి ఉత్తరరామచరితమున సప్తమాంకమునందలి గర్భాంకమే అది. గంగాతీరమున వాల్మీకి రచించిన రూపకమును అప్సరసలు ప్రదర్శింతురు. రాముడు ప్రేక్షకుడు. సీతాపరిత్యాగానంతర కథ తన యెదుటనే నడచుచుండగా అతడు అది నాటకమను సంగతి మరచిపోవును. లక్ష్మణుడు గుర్తుచేయవలసి వచ్చును. చివరకు రంగస్థలము మీది సీత నిజమైన సీతగా రాముని చేరును. రామాయణమున సీత భూప్రవేశము చేయగా, ఇచ్చట సమాగమము కలుగును. అనగా ప్రసిద్ధమైన ముగింపు మార్చబడినది. మార్చుటకు సాధనము నాటకములోని నాటకము. ఆ నాటకకర్త ఆదికావ్యకర్తయే.

మరియొక సామ్యము మరింత గమనింపదగినది. ఆ గర్భాంకమునకు పౌరజానపదులు కూడ ప్రేక్షకులు. సీతపై అపవాదము పుట్టినది వారిలోనే. అరుంధతి వారిని సంబోధించి సీత పరిశుద్ధిని ప్రకటింపగా వారు ఆమెకు మ్రొక్కుదురు. నిందించిన లోకమును ప్రేక్షకస్థానమున కూర్చుండబెట్టుట భవభూతి చేసిన పని. షీ-హల్క్ కర్తలును నిందించు లోకమును కథలో చేర్చిరి. స్త్రీకి జరిగిన బహిరంగావమానము రెండింటికిని మూలము.

భేదమును ఇచ్చటనే తెలియవలెను. భవభూతి గర్భాంకము సీత అనుభవించిన దుఃఖమును దాటవేయదు. పరిత్యక్తయైన ఆమె ప్రసవవేదనను, గంగలో పడుటను, భూదేవి ఆక్రోశమును రాముని యెదుటను, లోకము నెదుటను నిలుపును. చూచిన తరువాతనే ముగింపు మారును. షీ-హల్క్ ముగింపు మార్చవలసిన దానిని వాదముచే మార్చినదే కాని, చూపవలసిన దానిని చూపలేదు. అవమానించిన వారిని న్యాయస్థానమున బాధ్యులను చేయుదునని నాయిక చెప్పుట మాత్రమే వినబడును. న్యాయవాది కథయైన ఈ ధారావాహికలో ఆ విచారణము దృశ్యము కాలేదు, సూచ్యమైనది.

అంగిరస నిర్ణయము

ఒక రూపకమున అంగిరసము ఒక్కటియే యుండవలెనని, ఇతరములు అంగములై దానిని పోషింపవలెనని ధ్వన్యాలోకము మొదలగు గ్రంథములు నిర్ణయించినవి. అభినవగుప్తుడు చెప్పిన విఘ్నములలో ఆరవది అప్రధానత. ప్రధానమైన దానిని వదలి అప్రధానమున చిత్తము నిలుపవలసివచ్చినచో సామాజికునకు విశ్రాంతి కలుగదు.

అభిమానుల కలహమునకు మూల మిచ్చట దొరకుచున్నది. నిరసించినవారు వీరమును అంగిరసముగ గ్రహించిరి. మార్వెల్ చిత్రములు అలవాటు చేసినది ఆ గ్రహణమునే. వారి దృష్టిలో టాడ్ పరాజయము ఫలాగమము. అది లేనిచో నిర్వహణము లేదు. సమర్థించినవారు హాస్యమును అంగిరసముగ గ్రహించిరి. వారి దృష్టిలో ముష్టియుద్ధమే అప్రధానము. దానిని తొలగించుట విఘ్నమును తొలగించుటయే. గోడను గూర్చి వాదించినట్లు కన్పట్టిన ఇరుపక్షములు నిజమునకు అంగిరసమును గూర్చియే వాదించినవి.

కృతిని పరిశీలించినచో హాస్యమునకే ప్రాధాన్యము కన్పట్టుచున్నది. ప్రేక్షకునితో సంభాషణ మను బీజము మొదటి భాగముననే నాటబడి, బిందువు వలె ప్రతి విరామమునందును కథను కలుపుచు వచ్చెను. ఆ బీజమునకు కర్తతో వాదము తగిన ఫలము. కావున మొదటి రెండు ఆక్షేపములు నిలువవు. ఆపద ఆపదగా తోపదను మూడవ ఆక్షేపము వీరప్రధాన కథకు వర్తించునే గాని ప్రహసనధర్మము గల కథకు వర్తింపదు.

అయితే ఈ కృతిలో నాటబడిన బీజములు రెండు. ఎనిమిదవ భాగాంతమున జరిగిన అవమానము హాస్యము గాదు, వీరమును గాదు. ఒక స్త్రీ ఏకాంతమును అపహరించి సభలో బహిర్గతము చేయుట లోకమున నిత్యము జరుగుచున్న దుర్మార్గము. దానివలన పుట్టిన శోకక్రోధములను రక్తాపహరణ కథతో జతచేసి రచయితలు పెంచిరి. యంత్రము ముందు నాయిక ఆ రక్తాపహరణ కథను కొట్టివేయించినప్పుడు, దానితోపాటు ఈ అవమానమునకు రావలసిన దృశ్యఫలము కూడ కొట్టుకొనిపోయినది. నిరసించినవారు యుద్ధము లేదని కోరికతో చెప్పినది సరికాకున్నను, ఏదియో తీరక మిగిలినదన్న వారి అనుభవము సత్యము. వారు దానికి సరియైన పేరు పెట్టలేకపోయిరి.

యంత్రదేవత

గ్రీకు విషాదనాటకములలో చిక్కుపడిన కథను విడదీయుటకు యంత్రముపై దేవతను దించెడివారు. కథాపరిష్కారము కథ నుండియే రావలెను గాని యంత్రము నుండి రాగూడదని అరిస్టాటిల్ 'మీడియా' నాటకమును ఉదాహరించుచు ఆక్షేపించెను. షీ-హల్క్ ముగింపు ఈ పద్ధతిని తలక్రిందులు చేసినది. ఇచ్చట చిక్కును కల్పించినదే యంత్రము. దాని కడకు మానవపాత్ర పోయి, వాదించి, చిక్కును విడిపించుకొన్నది. న్యాయవాదిని నాయికగా చేసినందులకు ఇంతకంటె సార్థకమైన సన్నివేశము ఈ ధారావాహికలో లేదు.

ఆ సన్నివేశమున మరియొక పరిహాసము కలదు. దృశ్యచమత్కారములు చేయు పనివారు వేరొక చిత్రమునకు తరలిపోయిరి గాన ఆకుపచ్చరూపమును వదలుమని యంత్రము నాయికను కోరును. మార్వెల్ చిత్రములకు పనిచేయు ఆ నిపుణుల శ్రమభారమును గూర్చి పత్రికలలో ఫిర్యాదులు వెలువడిన సంవత్సరమే 2022. 2023 సెప్టెంబరులో మార్వెల్ దృశ్యచమత్కార విభాగమువారు సంఘముగ నేర్పడుటకు ఏకగ్రీవముగ ఓటు వేసిరి. అదే యేట మే 2 మొదలు సెప్టెంబరు 27 వరకు అమెరికా చలనచిత్ర, టెలివిజను రచయితలు సమ్మె చేసిరి. కృత్రిమమేధ రచయిత స్థానము నాక్రమింపకుండ నియమములు కోరుట వారి డిమాండ్లలో నొకటి. ముందటి యేడు హాస్యముగ కన్పట్టిన గణనయంత్రము మరుసటి యేడు వృత్తిసమస్యగ మారినది. 'ఈ ప్రదర్శన ఎవరిది' అను ప్రశ్న నాయికది మాత్రమే గాదు. రచయితది, శ్రామికునిది కూడ నైనది.

ఉపసంహారము

పై విచారణము వలన తేలిన అంశములివి. ప్రదర్శనమని బయలుపరచుట రసమునకు స్వతఃసిద్ధ శత్రువు కాదు. భారతీయ సిద్ధాంతమున అది రసమునకు సహాయకారి కూడ. నిర్వహణసంధిలో దానిని ప్రయోగించి ముగింపును మార్చుట భవభూతి కృతి చూపినట్లు సాధ్యమే, ఉత్తమమును కాగలదు. అట్లు మార్చువాడు మాత్రము తాను తొలగించు సంఘటనములో చిక్కుకొనియున్న దుఃఖమునకు వేరుగ స్థానము కల్పింపవలెను. షీ-హల్క్ ముగింపు అనావశ్యకమైన యుద్ధమును తొలగించుటలో కృతార్థమైనది; ఆవశ్యకమైన న్యాయవిచారణమును చూపుటలో కృతార్థము కాలేదు. సమర్థించినవారు మొదటిదానిని, నిరసించినవారు రెండవదానిని అస్పష్టముగ గుర్తించిరి.

అపవాదము చేసిన పౌరులకు భవభూతి చూచుటకు అవకాశ మిచ్చెను. వారు చూచి తలవంచిరి. జెన్నిఫర్ వాల్టర్స్ కథలో నిందించినవారు బంధింపబడిరి. కాని చూడవలసినదానిని చూడలేదు.